ట్రిమ్ వెళ్తే కోట చూసేసి బస్సెక్కేయకండి

ఐర్లాండ్‌లో, డబ్లిన్‌లో ఉండే మనవాళ్లు చాలామంది ట్రిమ్ ఊరంటే కోట ముందు నాలుగు ఫొటోలు దిగి సాయంత్రం బస్సుకి వచ్చేయడమే అనుకుంటారు, పోయినసారి మేమూ అదే చేశాం. ఈసారి మా అత్తయ్య వచ్చారని ఒక రాత్రి ఉన్నాం.

ట్రైన్ లేదు, డబ్లిన్ నుంచి 111 బస్సు, గంట పైనే పడుతుంది. ఆదివారం బస్సులు తక్కువ, టైం చూసుకోకపోతే స్టాపులో వానకి తడవడమే, గొడుగేస్తే గాలికి తిరగబడుతుంది.

కోట మాత్రం తక్కువ చేసి చెప్పలేం. ఐర్లాండ్‌లో నార్మన్లు (ఇంగ్లండ్ నుంచి దండెత్తి వచ్చినవాళ్లు) కట్టిన వాటిల్లో ఇదే పెద్దది, వాళ్ల ప్రభువు హ్యూ డి లేసీ 1170ల్లో మొదలుపెట్టాడు. మధ్యలో ఉన్న బురుజు ప్లస్ గుర్తులా ఉంటుంది, మా వాడు చుట్టూ తిరిగి లెక్కపెట్టాడు, సరిగ్గా 20 ముఖాలు. లోపలికి గైడ్‌తోనే పంపిస్తారు. మెలికల మెట్లు ఒక మనిషి పట్టేంతే, అత్తయ్య మోకాళ్లు పట్టుకుని సగంలో "మీరెళ్లండమ్మా" అని ఆగిపోయారు, కాబట్టి పెద్దవాళ్లకి కింద మైదానం చాలు. బ్రేవ్‌హార్ట్ షూటింగ్ ఇక్కడే జరిగిందని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఊళ్లో బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ పేరున 1817 నాటి స్తంభం కూడా ఉంది, 1799లో టిప్పు మీదకి నిజాం ఫౌజుని నడిపించింది ఈయనే అని చెప్తే అత్తయ్య "ఈయన ఇక్కడివాడా!" అన్నారు.

మేం దిగిన బీ అండ్ బీలో (రాత్రికి గది, పొద్దున టిఫిన్ ఇచ్చే ఇల్లు) గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు మాత్రం రెండో మనిషికే అయిపోయాయి. వెజ్ అని ముందే చెప్పినా పొద్దున ప్లేట్లో బ్లాక్ పుడ్డింగ్ పెట్టారు, అదేంటో తెలుసుగా, పంది రక్తంతో చేస్తారు. మార్చమంటే పాపం వెంటనే మార్చారు, టోస్టు మీద మన ఆవకాయ రాసుకుని లాగించేశాం.

అసలు ఉండాల్సింది న్యూటౌన్ కోసం. బోయిన్ నది పక్కనే నడిస్తే అరగంట లోపే, టికెట్ లేదు, జనం లేరు. 1206లో మొదలైన కెథడ్రల్ శిథిలాలు. పక్కన చిన్న చర్చి పాడుబడి ఉంటుంది, అందులో ఒక సమాధి మీద రాతి మొగుడూ పెళ్లాం పడుకుని ఉంటారు, మధ్యలో కత్తి. అనుమానపు జంట అని పిలుస్తారంట. ఆ ఇద్దరి మధ్య గుండుసూదులు, కొన్ని తుప్పు పట్టి, కొన్ని కొత్తవి. పులిపిర్లకి సూది రుద్ది అక్కడ పెడితే, అది తుప్పు పట్టేలోపు పులిపిరి రాలిపోతుందని నమ్మకం. మా నాయనమ్మ గుర్రం వెంట్రుక కట్టేది, ఇక్కడ సూది.

నదికి ఇవతలి ఒడ్డున ఎకో గేట్ అని ఉంది, అక్కడ నిలబడి అరిస్తే అటు గోడల నుంచి మాట తిరిగొస్తుంది. మావాడు "ఆకలీ" అని అరిచాడు, అవతల నుంచీ ఆకలే అంది.