రెండు సీట్ల కయాక్, మూడేళ్ళ వాడకం: తెప్పే గానీ బోలు తెప్ప

కొని మూడేళ్ళు దాటింది. మొదటి నెల్లోనే రాసేద్దాం అనుకున్నా, అప్పుడు రాసుంటే కళ్ళు మూసుకుని అయిదుకి అయిదు ఇచ్చేసేవాడిని, బద్ధకించడమే మంచిదైంది. ఇప్పుడు మూడున్నర. ఆ ఒకటిన్నర ఎందుకు తగ్గిందో చెప్పాలంటే ఒక ఫిబ్రవరి పొద్దున్న సంగతి చెప్పాలి, కానీ ముందు వస్తువు గురించి.

కయాక్ అంటే తెడ్డేసుకుని నడిపే సన్నటి చిన్న పడవ. నాది రెండు సీట్లది, 12న్నర అడుగుల పొడుగు, బరువు 34 కేజీలు, నాకు పడింది 48,000. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే నేను చెప్పబోయేది ఈ రకం వాటన్నిటికీ ఉన్న గొడవే. పైన కూర్చునే రకం, అంటే కాళ్ళు లోపలికి దూర్చే గుంత ఉండదు, పీట మీద కూర్చున్నట్టు పైనే కూర్చుంటాం. పాలిథిలీన్ ప్లాస్టిక్, మన ఇళ్ళ మీద వాటర్ ట్యాంకుల్లాగే పొడి అచ్చులో పోసి వేడి మీద తిప్పి చేస్తారు, లోపలంతా బోలు. మోటార్ లేదు, పెడల్ లేదు, తెడ్లే.

నేను శ్రీకాకుళం టౌన్లో ఆఫీసు ఉద్యోగం చేసుకునేవాడిని, సముద్రం గురించి నాకు తెలిసింది సున్నా. తెలిసింది మా బావకి, అక్క మొగుడు, కళింగపట్నం వైపు ఒడ్డునే పుట్టి పెరిగాడు. ట్రాలీ ఆటోలోంచి దింపగానే ఓసారి చుట్టూ తిరిగి "తానం సేడానికి తొట్టి తెచ్చినావేటి బామ్మర్దీ" అన్నాడు. ఊళ్ళో పిల్లలంతా నవ్వారు. తర్వాత వంగి, మధ్యలో ఉన్న కన్నాల్లోంచి వేలు పెట్టి కింద నుంచి బయటికి తీసి "ఈ కన్నాలెందుకెట్టినారు?" అని అడిగాడు. పైకి ఎక్కిన నీళ్ళు వాటంతటవే కిందకి పోడానికి అన్నా. అప్పుడు మొహం మారింది. "అయితే తెప్పేనేటి మరి" అన్నాడు.

నిజమే కదా. తెప్పంటే దుంగలు పక్కపక్కన పెట్టి తాళ్ళతో కట్టేదే, కెరటం నెత్తిన పడ్డా సందుల్లోంచి నీళ్ళు జారిపోతాయి, తోడే పని లేదు. ఇంగ్లీషోళ్ళ కాటమరాన్ కూడా తమిళోళ్ళ కట్టుమరం అన్న మాట నుంచి పోయిందే. నేను కొత్త టెక్నాలజీ అనుకుని డబ్బులు పోసింది బావ వాళ్ళ తాత వాడినదానికే. తేడా ఒక్కటి, తెప్ప గట్టి కర్ర, ఇది బోలు. ఆ తేడా ఎంతదో అప్పుడు మా ఇద్దరికీ తట్టలేదు.

మంచి చెప్తా. నీళ్ళలో దిగాక చాలా బావుంటుంది. తిన్నగా పోతుంది, ఇద్దరం కలిపి నూట యాభై కేజీలు ఉంటాం, దాని మీద సామాను, అయినా కుంగదు. చప్పుడుండదు, డీజిల్ వాసన ఉండదు, చేపల గుంపు మీదకి నేరుగా పోయినా చెదరవు, ఇది మోటారు బోటులో కుదరని పని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం కూడా మోటార్లున్న బోట్లకే, తెడ్డు వేసుకునే తెప్పలకి కాదు, అయినా ఆ నెలల్లో గాలి మాలాంటోళ్ళని పోనివ్వదు అనుకోండి. మేం వెళ్ళేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి. అక్టోబర్, నవంబర్ అసలు ఆలోచనే పెట్టుకోం, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను ఏం చేసి పోయిందో ఈ జిల్లాలో ఎవర్నీ అడగక్కర్లేదు.

అమ్మేవాడు చెప్పనిది ఏంటంటే సముద్రంలో కయాక్ అంటే కష్టం సముద్రంలో కాదు, ఒడ్డు దగ్గర. మా తీరానికి అడ్డంగా ఏమీ లేదు, బంగాళాఖాతం కెరటం నేరుగా వచ్చి ఇసక మీద విరుగుతుంది. మొదటి సీజన్లో నేను పడ్డ పాట్లు లెక్కలేదు, కళ్ళజోడు రెండుసార్లు పోయింది. బావ చేసేది చూస్తే ఏం లేదనిపిస్తుంది, మోకాళ్ళ లోతులో దాన్ని పట్టుకుని నిలబడి చూస్తుంటాడు, మూడో నాలుగో పెద్దవి వరసగా వస్తాయి, ఆ తర్వాత కాస్త సల్లబడతాది అంటాడు, ఆ సందులో "ఎక్కు, లాగు" అంటే ఇంక వెనక్కి చూడకుండా తెడ్డెయ్యాలి. ఫోన్లో ఇన్‌కాయిస్ (సముద్రం సంగతులు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ళ కెరటాల ఎత్తు నేనూ చూస్తాను, అది వెళ్ళాలా వద్దా అని చెప్తుంది, ఎప్పుడు ఎక్కాలో చెప్పదు.

ఇప్పుడు ఆ పొద్దున్న.

రెండో ఏడాది ఫిబ్రవరి. నాలుగున్నరకి టీ తాగి బయల్దేరాం. కయాక్‌తో పాటు కొన్న రెండు చక్రాల బండి ఉంది, దానికి రెండు రాడ్లుంటాయి, ఆ రాడ్లు కయాక్ కన్నాల్లోకి కింద నుంచి దూర్చి లాక్కుపోవడమే. పాక నుంచి నీళ్ళ దాకా ఇసకలో రెండొందల గజాలు, ఐస్ పెట్టె, లంగరు, గాలాలు అన్నీ పైనే వేసి లాగేవాళ్ళం, ఏడాదిన్నరగా అంతే. ఇది గుర్తుపెట్టుకోండి.

వెలుగు రాకముందే కెరటాలు దాటేశాం. తెల్లారగట్ట గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది, పోయేప్పుడు వెనకనుంచి తోస్తుంటే ఎంత హాయిగా ఉంటుందో, కొత్తోళ్ళు మోసపోయేదీ దానికే, తిరిగి చూసేసరికి ఒడ్డు సన్నగీతలా ఉంటుంది. బావ దీపస్తంభాన్నీ ఒడ్డునున్న తాటిచెట్ల గుంపునీ ఒకదాని వెనక ఒకటి వచ్చేదాకా పట్టి, అక్కడ ఆపు అన్నాడు. తాడుకి రాయి కట్టి వదిలి బారలు కొలిచాడు, పది. రంగు దారం కట్టిన చిన్న గాలాలు నాలుగైదు ఒకే తాడుకి వేసి కిందకి వదిలితే కానాగంత చేపలు ఒకేసారి రెండు మూడు చొప్పున ఎక్కుతున్నాయి. వంశధార మొగ వైపు నీళ్ళు కాస్త మడ్డిగా, ఇటు పచ్చగా, ఆ రెండూ కలిసే గీత మీద పక్షులు. సూర్యుడు పైకొచ్చేసరికి పెట్టెలో అడుగు కనపడట్లేదు. బావ మాట్లాడటం మానేశాడు, అంటే బాగా పడుతున్నాయని.

అందులో ఒక కానాగంతనే ఎరగా గుచ్చి వెనక వదిలి మెల్లగా తెడ్డేసుకుంటూ పోతుంటే నా గాలం లాగింది. వంజరం. రీల్ చేసిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. అది ఎడమకి పోతే నేనూ ఎడమకి వంగాను, కయాక్ వంగింది, కానీ తిరిగి లేవట్లేదు, లేవడానికి ఓ క్షణం ఆలోచిస్తున్నట్టు ఆగి అప్పుడు లేచి, ఈసారి కుడికి ఒరిగింది. కింద బిందెలో నీళ్ళు కదిలినట్టు గళగళ.

బావ "నోపలికి నీరొచ్చింది" అన్నాడు, గొంతు పెంచకుండా. నేను మూత తీసి చూద్దాం అనబోయాను, వద్దన్నాడు, ఉన్న కన్నం చాలదా అని. తర్వాత అర్థమైంది నాకు, బోలు పడవలో నీళ్ళు బరువు వల్ల కంటే కదలడం వల్ల ముంచుతాయి, ఏ పక్క ఒరిగితే ఆ పక్కకే పరిగెత్తి ఇంకా ఒరగ్గొడతాయి. దుంగల తెప్పకి ఈ భయం ఎన్నటికీ లేదు.

"తాడు కొయ్యి" అన్నాడు. వంజరాన్నండీ. కోశాను. ఎంతుండేదో తెలీదు, అక్కకి నేను అయిదు కేజీలని చెప్పా, బావ రెండున్నర అన్నాడు.

ఇద్దరం చెరో పక్కా కాళ్ళు నీళ్ళలోకి వేలాడేసి, అలా అయితే ఒరగదు, ఒకే జోరున తెడ్డేస్తూ ఒడ్డుకి తిప్పాం. గాలి ఇంకా ఎదురే. గంటంబావు పట్టింది, వెళ్ళేప్పుడు అరగంటే. కెరటాలు విరిగే చోటుకి కాస్త ముందే బావ వెనక నుంచి నీళ్ళలోకి దిగిపోయి తోక పట్టుకుని వేలాడాడు, అప్పుడు అది అడ్డం తిరక్కుండా ముక్కు ఒడ్డు వైపే ఉంచి నన్ను ఇసక మీద కక్కింది. ఇద్దరికీ లైఫ్ జాకెట్లున్నాయి, తను వేసుకోడానికి ఒప్పుకున్న రెండో సారో మూడో సారో అది. వెనక బిరడా విప్పితే నీళ్ళు కారుతూనే ఉన్నాయి, నేను ఒడ్డున కూర్చుని అవి అయ్యేదాకా చూశాను, చెయ్యి వణుకు తగ్గడానికి అంతకంటే ఎక్కువే పట్టింది.

పగులు ఎక్కడో తెలుసా, ఆ కన్నాల్లో. చక్రాల బండి రాడ్లు దూరేవి రెండున్నాయి చూడండి, బరువంతా ఇసకలో కుదుపులతో ఆ కన్నాల గోడల మీదే పడి (కన్నమంటే పైనుంచి అడుగు దాకా గొట్టంలా ఉంటుంది, దాని గోడ అవతలే బోలు) వెంట్రుకంత పగులిచ్చింది, లోపల దీపం పెట్టి కన్నంలోకి చూస్తే గానీ కనపడలేదు. అమ్మినవాడికి ఫోన్ చేస్తే బండి వేరే ప్రొడక్ట్ సార్, కయాక్ వారంటీలోకి రాదు అన్నాడు. ఒకే బిల్లు మీద వాడే అమ్మాడు రెండూ. ఒకటిన్నర స్టార్ పోయింది ఇక్కడే.

దీన్ని జిగురుతో అతికించాలని చూడకండి, ఆ ప్లాస్టిక్‌కి మామూలు జిగురులేవీ పట్టవు, నేను మూడు రకాలు వేసి మూడూ పెచ్చుల్లా ఊడదీశాను. వాటర్ ట్యాంకులకి వెల్డింగ్ వేసే కుర్రాడిని పట్టుకున్నా, అదే రకం ప్లాస్టిక్ పుల్ల కరిగించి పోశాడు, ఏడాది పైనే అయింది, చుక్క రాలేదు. బండి అమ్మేశాను. ఇప్పుడు కిందనుంచి రెండు చోట్ల తాళ్ళు వేసి వెదురు బొంగుకి కట్టి చెరో కొస భుజాన పెట్టుకుంటున్నాం, ఐస్ పెట్టె వేరే ట్రిప్పు.

మిగతావి చిన్నవే. సీటు మొదటి ఏడాదే చిరిగింది. తెడ్డు రెండు ముక్కలు కలిసే చోట ఇసక, ఉప్పు చేరి బిగుసుకుపోతుంది, ప్రతిసారీ విప్పి మంచినీళ్ళతో కడగాల్సిందే. ఇటికల మీద పెడితే అడుగు సొట్ట పడింది, బోర్లించి మధ్యాహ్నం ఎండలో వదిలేస్తే అదే పైకొచ్చింది, అలా అని రోజూ ఎండలో వదిలితే రంగూ బలమూ రెండూ పోతాయి, తాటాకు నీడన ఉంచండి. బయల్దేరేముందు ఓసారి ఎత్తి ఊపి వినండి, ఇంతకంటే మంచి టెస్ట్ లేదు.

వెల్డింగ్ అయ్యాక కూడా బావ ఎక్కనన్నాడు. బోలుదాన్ని నమ్మను అన్నాడు. ఓ ఆదివారం నేను వెళ్ళేసరికి ముందు మూత, వెనక మూత రెండూ తీసి, పాత థర్మాకోల్ తెప్ప విరిచిన ముక్కలు లోపల కుక్కుతున్నాడు, చెయ్యి పట్టినంత మేరా. ఇప్పుడు నీళ్ళొచ్చినా నిలవడానికి చోటు లేదు, మునగదు, ఎక్కుతున్నాడు. ఒక్కటే చిక్కు, బిరడా తీస్తే తెల్ల పలుకులు రాలి దారికి అడ్డం పడుతున్నాయి. ముక్కల్ని సంచుల్లో వేసి కుట్టేస్తే సరిపోతుందట, కుట్టే పని అక్కకి చెప్పాడు, అక్క ఇంకా ఒప్పుకోలేదు.