ఎనిమిదేళ్లు వాడాక: గూట్లో ఫోను, రేడియో, రోలు, రంజన్

2017 జూన్‌లో, బడులు తెరిచే ముందు రోజు, మా టీవీని మరిది ఇంటికి పంపించేశాం. అప్పుడు పెద్దోడు ఐదో తరగతికి, చిన్నది రెండో తరగతికి వచ్చారు. హైదరాబాద్ చిక్కడపల్లిలో మాది పాత ఇల్లు. రెండు గదులు, వంటిల్లు, పైన డాబా. సాయంత్రం ఏడైతే అత్తమ్మ టీవీ ముందు, నేనూ మా ఆయనా ఎవరి ఫోన్‌లో వాళ్లం, మా ఫోన్ల కోసం కొట్లాడుకుంటూ పిల్లలు. అన్నం కూడా ఎవరి కంచం వాళ్లు పట్టుకుని ఎవరి మూలకు వాళ్లు పోయి తినేవాళ్లం. అది చూడలేకే ఇంట్లో టీవీ, ఫోన్లు తగ్గించే ఈ పని మొదలుపెట్టాను.

ఏవి తీసేశామో ఏవి ఉంచామో ముందే చెబుతాను. ఇలాంటివి చదివినప్పుడు నాకు మొదట వచ్చే అనుమానం అదే. ఫ్రిజ్, ఫ్యాన్లు, గ్యాస్ పొయ్యి, బట్టల మిషన్ ఉన్నాయి. టీవీ, ట్యాబ్ లేవు. స్మార్ట్ ఫోన్ ఇంటికంతటికీ ఒక్కటే. పెద్దవాళ్లం ముగ్గురికీ బటన్లుండే డబ్బా ఫోన్లు. నేను ఒక ఆడిటర్ దగ్గర లెక్కలు చూస్తాను. పగలంతా కంప్యూటర్ మీదే పని, కానీ ఆ కంప్యూటర్ ఆఫీసు దాటి ఇంటికి రాదు.

స్మార్ట్ ఫోన్‌కు చోటు వాకిలి పక్కన గోడలో పాతకాలం దీపం గూడు. చార్జరూ అక్కడే. ఎవరికి అవసరమైనా అక్కడికి వెళ్లి నిలబడి చూసుకోవాలి. పక్కన కుర్చీ కావాలనే వేయలేదు. నిలబడితే పది నిమిషాలకు కాళ్లు గుంజుతాయి, ఈలోపు పని ఎలాగూ అయిపోతుంది. ఈ ఎనిమిదేళ్లలో మేము చేసిన మార్పుల్లో ఖర్చు లేకుండా బాగా పనిచేసింది ఇదొక్కటే అంటాను.

డబ్బా ఫోన్ కొనేవాళ్లు 4జీ ఉన్నదే తీసుకోండి. నా మొదటిది 2జీది, నా సిమ్ అందులో పనిచేయలేదు. బటన్ ఫోన్ల కోసమని రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో యూపీఐ 123పే తెచ్చింది కదా, దాన్ని ఒక నెల వాడి చూశాను. డబ్బు వెళ్తుంది. కాకపోతే నంబరుకు ఫోన్ చేసి, చెప్పినవన్నీ నొక్కి, పిన్ కొట్టేసరికి కూరగాయల బండి దగ్గర వెనకాల నలుగురు నిలబడి ఉంటారు. అందుకే పర్సులో నోట్లే. బస్సులో ఆ చింతా లేదు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్.

ఇబ్బంది పెట్టింది బడి. హోంవర్కు అంతా ఫోన్ గ్రూపులోనే పెడతారు. డైరీలో రాయించండని రెండేళ్లు అడిగాను, కుదరదన్నారు. రాత్రి ఎనిమిదికి ఒకరం గూటి దగ్గర నిలబడి అవన్నీ నోట్‌బుక్‌లో రాసి పిల్లలకు ఇవ్వడం అలా అలవాటైంది. 2020లో బడులు మూతపడ్డాక ఆ ఏర్పాటూ నిలవలేదు. ఇద్దరికీ ఒకే సమయంలో పాఠాలు, రెండు ఫోన్లు కొనక తప్పలేదు. దాదాపు ఏడాదిన్నర మా ఇల్లు మళ్లీ వెనకటిలాగే అయింది. బడులు తెరిచాక వాటిని అమ్మడానికి ఇంకో మూడు నెలలు పట్టింది, పెద్దోడు ఒప్పుకోక. పద్నాలుగేళ్ల పిల్లాడు, గోడవైపు తిరిగి ఏడ్చాడు. తోటివాళ్లంతా మాట్లాడుకునే మాటలు వాడికి అందకుండా చేస్తున్నానేమో అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. క్రికెట్ మ్యాచ్ ఉన్న ఆదివారాలు బాబాయి ఇంటికి పంపడం అప్పుడే మొదలైంది. అది ముందే చేయాల్సింది.

రేడియో మా మామయ్య వాడినది. మూడు పెద్ద సెల్లులు పడతాయి. వివిధభారతి 102.8, రెయిన్‌బో 101.9 శుభ్రంగా పలుకుతాయి. మీడియం వేవ్‌లో 738 మీద హైదరాబాద్ కేంద్రం పట్టాలంటే కొంచెం పని ఉంది. ఎల్ఈడీ బల్బు దగ్గరుంటే బరబరమంటుంది. బల్బుకు దూరంగా పెట్టి, రేడియోను మెల్లగా ఒక పక్కకు తిప్పుతూ పోతే ఎక్కడో ఒకచోట గొంతు తేటపడుతుంది. ఆ చోటు కనిపెట్టింది చిన్నది. అల్మారా మీద పెన్సిల్‌తో గీత కూడా గీసిపెట్టింది. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచి, కరెంటు పోయి, ఇంట్లో స్మార్ట్ ఫోన్లన్నిటికీ చార్జింగ్ అయిపోయింది. మూసీకి వరద వచ్చిందని మాకు చెప్పింది ఆ రేడియోనే. కొవ్వొత్తి చుట్టూ ఐదుగురం కూర్చుని విన్నాం.

అన్నిటికంటే ఎక్కువ చెప్పాల్సింది రోలు గురించి. మొదటి ఏడాది ఉత్సాహంలో మిక్సీని అటకెక్కించి, ఊరి నుంచి అత్తమ్మ రోలు తెప్పించాం. అరిగిన రాయి కాబట్టి సరిపోయింది. కొత్తదైతే ఊకో నూకలో పోసి మూడు నాలుగుసార్లు దంచి కడగాలి, లేకపోతే తొక్కులో రాతిపొడి పంటికి తగులుతుంది. మిక్సీ బ్లేడు కోస్తుంది, రోకలి నలుపుతుంది. రోట్లో నూరిన టమాటా తొక్కులో మిర్చి, వెల్లుల్లి వేటికవి నాలుకకు తెలుస్తాయి.

అయితే నాలుగు నెలలకు అత్తమ్మ మణికట్టు వాచింది. ఒకరోజు రాత్రి కాపడం పెడుతుంటే, "సాదా బతుకు మీది, చేతుల నొప్పి నాదా బిడ్డా?" అన్నది. కోపంగా అనలేదు, ఊరికే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇలా బతుకుదామన్నది నేను, సరేనన్నది మా ఆయన, పని పెరిగింది డెబ్బై ఏళ్ల ఆమెకు. మిక్సీని పక్కన పెడితే దంచే పని ఎక్కడికీ పోదు. అది ఎవరివో చేతుల మీద పడుతుంది. మన ఇళ్లలో అవి ఎవరి చేతులో అందరికీ తెలుసు. ఫోన్ చూడని సాయంత్రాల గురించి గొప్పగా చెప్పుకునే ముందు, ఆ సాయంత్రం వంటింట్లో ఎవరున్నారో చూసుకోవాలని నాకు అప్పుడు తెలిసింది.

మర్నాడే మిక్సీ కిందికి దిగింది. ఇడ్లీ పిండి, మసాలా అంతా దాంట్లోనే. రోలు ఆదివారానికి మాత్రమే, దంచేది మా ఆయన. ఎండుమిర్చిలో రాళ్ల ఉప్పు కలిపితే త్వరగా మెదుగుతుందనీ, రోలు అంచుకు అరచేయి అడ్డం పెడితే కళ్లలో కారం పడదనీ అత్తమ్మ పీట మీద కూర్చుని చెబుతుంది, నలభై ఐదేళ్ల కొడుకు వింటాడు. తల్లీకొడుకులు అంతసేపు మాట్లాడుకోవడం అంతకుముందు నేను చూడలేదు. రంజన్, అంటే చల్లనీళ్ల మట్టికుండ, పెద్దోడి బాధ్యత, బట్టలు మడతపెట్టడం చిన్నదాని వంతు. పనులు ఇలా పంచుకున్నాకే ఈ పద్ధతి మా ఇంట్లో నిలబడింది. ముందు నాలుగు నెలలు నేను లెక్కలోకి తీసుకోను.

రంజన్ సంగతి తొందరగా చెబుతాను. మార్చిలో కొని, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఇసుక మీద కుదురుగా పెట్టాలి. సబ్బు తగలనివ్వద్దు. ఏప్రిల్, మే నెలల పొడి ఎండలో ఊరిన తడి ఆరిపోతూ నీళ్లు చల్లబడతాయి, ఫ్రిజ్ నీళ్లలా గొంతు పట్టదు. జూలైలో గాలిలో తేమ పెరిగితే పెద్దగా చల్లబడవు. రెండో ఏడాదికి మట్టి రంధ్రాలు పూడుకుపోయి చెమర్చడం తగ్గుతుంది, అందుకే మేము ఏటా కొత్తది కొంటాం. పాతదాంట్లో కొత్తిమీర పెంచుతున్నాం.

ఎండాకాలం రాత్రుళ్లు డాబా మీదే పడక. నీళ్లు చల్లి, గంట ఆగి చాపలు, దోమతెర. పడుకునే ముందు సుద్దముక్కతో గళ్లు గీసి అష్టాచెమ్మ. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ నాలుగు, అన్నీ బోర్లా పడితే అష్ట ఎనిమిది, రెండిటికీ మళ్లీ వేసే వంతు వస్తుంది. అత్తమ్మకు అష్ట ఎలా పడుతుందో ఇప్పటికీ ఎవరం కనిపెట్టలేకపోయాం. మూడేళ్ల కింద పక్కన ఐదంతస్తులు లేచాక గాలి తగ్గింది, వెలుతురు కళ్లలో కొడుతోంది. అయినా మేము పైకి వెళ్లడం మానలేదు.

పెద్దోడు ఈ ఏడాది ఇంజనీరింగ్‌కు వరంగల్ వెళ్లాడు. స్మార్ట్ ఫోన్ కొనిచ్చాం, కాలేజీలో అది లేకుండా గడవదు. బయలుదేరే ముందు రోజు వాడు అడిగి తీసుకున్నది మాత్రం రేడియో. పోయిన నెల నేనూ చిన్నదీ ఇంకోటి కొందామని కోఠి గుజరాతీ గల్లీ అంతా తిరిగాం. చూపించినవన్నీ పాటల కార్డు పెట్టుకునేవే. మీడియం వేవ్ ఉన్నది ఒక్కటే దొరికింది, దానికి ముల్లు జారిపోతోంది. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం. అల్మారా మీద పెన్సిల్ గీత అలాగే ఉంది.