రాత్రి చదువా, వేకువ చదువా: పదో తరగతి పిల్లలకు ఏది మేలు?

గాజువాకలోనైనా మధురవాడలోనైనా, పదో తరగతి పిల్లలున్న ఇంట్లో ఇదే వాదన. నాలుగింటికి లేచి చదివితే బుర్రకెక్కుతుందని పెద్దవాళ్లు, రాత్రయితేనే ఎక్కుతుందని పిల్లలు. పిల్లల మాటలో నిజముంది. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ ఒకటి రెండు గంటలు ఆలస్యంగా ఊరుతుంది. తొమ్మిదికి పడుకోబెట్టినా కళ్లు మూతపడకపోవడం బద్ధకం కాదు.

13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ముందు ఆ గంటలు పక్కన పెట్టి, మిగిలిన టైములోనే చదువు సర్దాలి.

వేకువన ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, మన విశాఖ ఉక్కపోత కూడా కాస్త తగ్గుతుంది. కానీ తొమ్మిదిన్నరకల్లా హాయిగా నిద్రపోయి, ఐదున్నరకు లేచే పిల్లలకే అది పనికొస్తుంది. ట్యూషన్ నుంచి ఎనిమిదిన్నరకు వచ్చి, తిని, హోంవర్కు ముగించి పదకొండుకు పడుకున్న పిల్లను నాలుగింటికి లేపితే దక్కేది ఐదు గంటలే. పైగా కలలొచ్చే నిద్ర ఎక్కువగా ఉండేది తెల్లవారుజామునే. మనసు కుదుటపడటానికి ఆ నిద్ర చాలా అవసరం. అది పోతే చిన్న మాటకే ఏడుపు, అన్నం కంచం ముందు విసుగు. దాన్ని పొగరనుకుని తిడితే పిల్ల ఇంకా ముడుచుకుపోతుంది.

రాత్రి చదువుకు శత్రువులు టీ, ఫోను. తాగిన కెఫీన్‌లో సగం దాదాపు ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. ఎనిమిదికి తాగిన టీ ఒంటిగంట దాకా నిద్రను చెడగొట్టగలదు.

ఎక్కువమంది పిల్లలకు మేం చెప్పేది రాత్రి చదువే, అయితే పదింటి వరకే. లెక్కల్లాంటి బరువైనవి ముందు, చదివినవి మళ్లీ తిరగేయడం చివర. ఫోను తొమ్మిదిన్నరకు హాల్లో చార్జింగుకు పెట్టేయాలి, అమ్మానాన్నలది కూడా. పదిన్నరకు పడక, ఆరున్నరకు లేవడం. లేవగానే పావుగంట డాబా మీద ఎండ తగలాలి. ఒంటి గడియారం సరయ్యేది ఆ వెలుగుతోనే. ఇప్పుడు పన్నెండింటికి పడుకునే పిల్లలైతే పడుకునే టైమును రెండు మూడు రోజులకోసారి 15 నిమిషాలు త్వరగా అయ్యేలా జరపండి. ఒక్కసారే గంటన్నర జరిపితే మంచం మీద దొర్లడమే మిగులుతుంది. ఆదివారం మరో గంట పడుకోనివ్వండి, పదిదాకా మాత్రం వద్దు. ఆ రాత్రి నిద్ర పట్టక సోమవారం మళ్లీ మొదటికొస్తుంది. మధ్యాహ్నం కునుకు 20 నిమిషాలు, నాలుగింటిలోపు.

ఇవన్నీ చేసినా రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, ఆట మీదా స్నేహితుల మీదా ఆసక్తి పోయినా 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, ఉచితం, 24 గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. చచ్చిపోవాలనుంది అన్న మాట వినబడితే పరీక్షలయ్యాక చూద్దాం అనుకోవద్దు. పిల్లను ఒంటరిగా వదలకుండా ఆ రోజే తీసుకెళ్లండి.