పాస్టరు గారుండగా కోచ్ దేనికి?

నిరుడు ఉద్యోగం మానేసిన దగ్గర్నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆరాధన అయ్యాక మందిరం మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటూ ఒకరు, స్త్రీల కూటంలో టీ గ్లాసు అందిస్తూ ఇంకొకరు, డల్లాస్ నుంచి అర్ధరాత్రి ఫోన్ చేసి మా పిన్ని కూతురు. "అక్కా, డబ్బు కట్టి క్రిస్టియన్ లైఫ్ కోచ్‌తో మాట్లాడావంట కదా, ఏమన్నా పనికొచ్చిందా?" అని మొదలుపెడతారు. కాసేపటికి గొంతు తగ్గించి, "అంతమాత్రానికి పాస్టరు గారు లేరా?" అంటారు. అసలు అడగాలని వచ్చింది ఈ రెండోదే. లైఫ్ కోచ్ అంటే ఫీజు తీసుకుని, సలహా ఇవ్వకుండా ప్రశ్నలు అడుగుతూ మన నిర్ణయం మనమే తీసుకునేలా చేసే మనిషి.

నేనూ పాస్టరు గారి కూతుర్నే. నాన్న ముప్పై నాలుగేళ్లు పరిచర్య చేసి రిటైరయ్యారు. అమ్మ ఏ జీతమూ లేకుండా అంతకంటే ఎక్కువే చేసింది. ఆ ఇంట్లో పెరిగి కూడా కోచ్ దగ్గరికి వెళ్లినదాన్ని గనక రెండు వైపులా కాస్త తెలుసనే ధైర్యంతో రాస్తున్నాను.

నా సంగతి చిన్నదే. గుంటూరులో ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీలో పద్దెనిమిదేళ్లు ఫిజిక్స్ చెప్పాను. పొద్దున ఆరున్నరకు ఇల్లు కదిలితే రాత్రి స్టడీ అవర్లు ముగిసేదాకా మన బతుకు మనది కాదు. మానేసి ఇంటి దగ్గర పదిమంది పిల్లలకు చెప్పుకుందామని మూడేళ్లుగా అనుకోవడం, జూన్ రాగానే మళ్లీ టైమ్‌టేబుల్ తీసుకుని క్లాసుకు పోవడం. జబ్బు లేదు. ఒప్పుకోవడానికి పాపమూ లేదు. అడుగు పడటం లేదు, అంతే.

అంతేనా, ఇంకేమన్నా ఉందా అన్నది మాత్రం ముందు తేల్చుకోవాలి. రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, అన్నం సహించక, ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా, చచ్చిపోతే బాగుండునని అనిపించినా కోచా పాస్టరా అని తర్జనభర్జన పడొద్దు. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి. మనవాళ్లకు దీనికి అడ్డొచ్చేది విశ్వాసం కంటే పరువు. మానసిక ఆసుపత్రులున్నాయని ఎర్రగడ్డ, చినవాల్తేరు అనే ఊరి పేర్లనే తిట్లుగా వాడుకున్న జనం మనం. ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం కింద కూలబడి నా ప్రాణం తీసెయ్యి ప్రభువా అన్నప్పుడు దూత ప్రసంగం చెయ్యలేదు. రొట్టె పెట్టి, నీళ్లు పెట్టి, మళ్లీ పడుకోనిచ్చాడు. గుండె జబ్బనగానే రాయవెల్లూరు రైలెక్కే విశ్వాసులు కూడా, అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సి.ఎం.సి.) ఆసుపత్రికే బాగాయంలో 1957 నుంచి మానసిక వైద్య కేంద్రం ఉందనీ, రోగితోపాటు ఇంటివాళ్లనూ అక్కడే ఉండనిస్తారనీ చెబితే ఆశ్చర్యపోతారు. అంత దూరం వెళ్లలేకపోతే 14416కు చెయ్యండి. టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, మొహమాటపడొద్దు. ఇక మొగుడు కొడుతున్నాడంటే అది ఈ చర్చలోకే రాదు, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యాలి.

ఇవేవీ లేనివాళ్లకే మిగతా గొడవంతా.

పాస్టరు గారి దగ్గర దొరికే మేలు ఇంకెక్కడా దొరకదు. మీ పెళ్లి చేసింది ఆయనే, మీ నాన్న భూస్థాపన రోజున సమాధి పక్కన నిలబడింది ఆయనే. మీ అత్తగారు ఎలాంటివారో ఆయనకు కొత్తగా చెప్పక్కర్లేదు. బి.డి. అనే వేదాంత డిగ్రీ చదివి వచ్చినవారైతే పాస్టరల్ కౌన్సెలింగ్ కొంత చదువుకునే ఉంటారు. స్వతంత్ర సంఘాల్లో ఎవరి తర్ఫీదు వాళ్లది. ఆడవాళ్ల విషయానికొస్తే, చాలా సంఘాల్లో అసలు కౌన్సిలర్ పాస్టరమ్మ గారే. మా వంటింట్లో పీట మీద కూర్చుని ఏడ్చి వెళ్లినవాళ్లకు లెక్కే లేదు. అమ్మ కూర తరుగుతూనే వినేది, తలెత్తేది కాదు. తలెత్తి చూస్తే వాళ్లు చెప్పడం ఆపేస్తారట.

ఫీజు లేదు, అదొక సుఖం. కానీ ఫీజు కట్టిన చోట లెక్క తీరిపోతుంది, ఇక్కడ తీరదు. ఆ తర్వాత వచ్చే ప్రతి కోతపండుగకూ మన కానుక కవరు కాస్త బరువెక్కుతుంది. ఇంకొకటి, మాట దాగడం. నాన్న ఎవరి మాటా ఇంట్లో కూడా అనేవారు కాదు. అయినా శుక్రవారం ఉపవాస ప్రార్థనలో "ఒక సహోదరి ఉద్యోగ విషయమై భారం కలిగి ప్రార్థించండి" అని ఎవరన్నా ఒక్క మాట అంటే చాలు, శనివారం సాయంత్రానికి ఆ సహోదరి ఎవరో వాట్సాప్ గ్రూపంతా పట్టేస్తుంది. అందులో దుర్బుద్ధి ఏమీ ఉండదు. పదిమంది ఒకరి సంగతి ఒకరు పట్టించుకునే చోట అలాగే ఉంటుంది.

నేను మాత్రం డబ్బునూ గుట్టునూ పక్కనపెట్టి ఒక్కటే చూసుకున్నాను. ఈ మనిషి చెప్పినదానికి "లేదండీ, నేనలా చెయ్యను" అనగలనా?

మా ఇప్పటి పాస్టరు గారు మంచివారు. వెళ్లి అడిగితే, "పిల్లల చదువులున్నాయి, నికరమైన ఉద్యోగం వదులుకోవద్దమ్మా" అనేవారు. అది మంచి సలహాయే. దాన్ని కాదని మానేస్తే వచ్చే ఆదివారం నుంచి మూడో బెంచీలో కూర్చుని ఆయన మొహం చూడాలి. రేపు ట్యూషన్ నడవకపోతే దైవజనుడి మాట పెడచెవిన పెట్టావని ఒకరు అనక్కర్లేదు, నాకే అనిపిస్తుంది. ఉద్యోగంలో ఉండిపోయినా ఆ భయంతోనే ఉండిపోయినట్టు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. కాపరి పని తోవ చూపడం. అలాంటి మనిషి ఎదురుగా కూర్చుని "నాకు తోవ చెప్పకండి, ప్రశ్నలు అడగండి చాలు" అనడం మర్యాద కూడా కాదు.

కోచ్‌కు డబ్బిచ్చేది అందుకే. మంచి కోచ్ సలహా ఇవ్వడు. ఏం కావాలి, ఇప్పుడు ఎక్కడున్నావు, ఏ దారులున్నాయి, వాటిలో ఏది పడతావు అని నాలుగు మెట్లు ఎక్కిస్తాడు. క్రిస్టియన్ కోచ్ అయితే వాటికి వాక్యం, ప్రార్థన తోడు. బర్తిమయి గుడ్డివాడని ఎదురుగా కనబడుతూనే ఉన్నా, నీకేం చెయ్యమంటావని యేసు అడిగాడు కదా, ఆ పద్ధతి.

చిక్కేమిటంటే, లైఫ్ కోచ్ అని మన దేశంలో ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. డల్లాస్ చెల్లికీ అదే చెప్పాను: అక్కడ థెరపిస్టుకు రాష్ట్రం లైసెన్సు ఉండాలి, కోచ్‌కు అక్కర్లేదు. ఇన్సూరెన్సు కూడా మామూలుగా థెరపిస్టుకే ఇస్తుంది. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ అనే సంస్థ సర్టిఫికెట్లు ఇస్తుంది. దాని మొదటి మెట్టు ఎ.సి.సి.కి 60 గంటల శిక్షణ, 100 గంటల అనుభవం కావాలి. ఏమీ లేనిదానికంటే నయమే, కానీ బడిపిల్లలకు పాఠం చెప్పడానికి మనం రెండేళ్ల బి.ఇడి. చెయ్యమంటున్నాం. పైగా ఆ సర్టిఫికెట్ అవతలి మనిషి విశ్వాసం గురించి ఏమీ చెప్పదు.

నేను ఇద్దరితో మాట్లాడి చూశాను. మొదటాయన అరగంట ఉచిత కాల్ ఇచ్చాడు. పదో నిమిషంలో కళ్లు మూసుకుని, "ప్రభువు నాకు చూపిస్తున్నాడమ్మా, నీ ముందు పెద్ద ద్వారం తెరిచి ఉంది, ఈ నెలలోనే రాజీనామా ఇచ్చెయ్" అన్నాడు. నాకు కావలసిన జవాబే. అయినా ఒళ్లు జలదరించింది. పాస్టరు గారి మాటే కాదనలేక ఇక్కడికి వచ్చాను, ఈయన ఏకంగా దేవుడి మాటని చెబుతుంటే ఏమని కాదనను? పాస్టరు గారి మీద సంఘ పెద్దలైనా ఉంటారు. ఈయన మీద ఎవరున్నారు? పన్నెండు సెషన్ల ప్యాకేజీ, డబ్బంతా ముందే కట్టాలట.

రెండో ఆమెది బెంగళూరు, మాటలో అనంతపురం యాస. సెషన్‌కు 1,500, ఏ సెషన్‌కు ఆ సెషన్ కట్టడమే. మొదటి కాల్‌లోనే నిద్ర ఎలా పడుతోంది, మందులేమన్నా వాడుతున్నారా అని అడిగి, అలాంటిదేమన్నా ఉంటే డాక్టరును చూడండి, నా వల్ల కాదు అన్నారు. సగం నమ్మకం అక్కడే కుదిరింది. తెలుగు కావడం ఇంకో సగం. క్రిస్టియన్ కోచ్‌లలో చాలామంది ఇంగ్లీషులోనే మాట్లాడతారు. నాకు ఇంగ్లీషులో పాఠం చెప్పడం వచ్చు, ఏడవడం రాదు.

మూడో సెషన్‌లో అన్నారు: "మీరు మానేద్దామని మూడేళ్ల కిందే అనుకున్నట్టున్నారు. ఇంకా ఎవరి సంతకం కోసం ఆగినారు?" మా నాన్నది, అని నా నోటివెంట దానంతటదే వచ్చింది. ఆయన్ను నేను ఆ సంగతి ఒక్కసారి కూడా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

అన్నీ అంత గొప్పగా లేవు. ఐదో సెషన్ మొత్తం జీవిత చక్రం అని ఒక గుండ్రం గీయించి, ముక్కలు చేయించి, రంగులు వేయించారు. నలభై మూడేళ్ల ఫిజిక్స్ లెక్చరర్ చేత. ఇంటి ఖర్చుల లెక్క ఆమె అడగనేలేదు. మా బావగారు పెన్సిల్ పట్టుకుని కూర్చుని, దాచుకున్న డబ్బు పదకొండు నెలలు వస్తుందని తేల్చారు. ఆ అరగంట ఒక సెషన్‌కు సమానం. ఆరు సెషన్లు అయ్యాక పాస్టరు గారింటికి వెళ్లి మానేస్తున్నానని చెప్పాను. ఒక్క క్షణం ఆగి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. కోచ్ చేసిన ప్రార్థనలు ఏవీ నాకు గుర్తు లేవు, ఇది గుర్తుంది.

అందుకని అన్నిటికీ కోచే అని నేననను. తప్పు చేసి లోపల నలిగిపోతున్నవాళ్లకు, ఆలుమగలు ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇంటికి, పాస్టరు గారే సరి. పాపం చేసిన దావీదు రాజుకు, ఆ తప్పు మొహం మీదే చెప్పడానికి నాతాను ప్రవక్త కావాల్సి వచ్చింది. ఆ రోజు వెళ్లింది కోచ్ అయ్యుంటే, "దీని గురించి మీకేమనిపిస్తోంది రాజా?" అని అడిగి ఊరుకునేవాడు. మీ సంఘంలో నోరు మెదపకుండా వినగలిగే పెద్దావిడ ఎవరన్నా ఉంటే పాస్టరూ వద్దు, కోచూ వద్దు, డబ్బు మిగుల్చుకోండి. యూట్యూబ్ వర్తమానాలు, యాప్‌లు అంటారా, వినండి, మంచివే. మీరెవరో వాటికి తెలియదు.

కోచ్ దగ్గరికే వెళ్లాలనుకుంటే ఉచిత కాల్ చివర "ఇప్పుడు కాదండీ" అని చూడండి. మొదటాయనకు అలాగే అన్నాను. వారం రోజులు తెల్లవారుజామున వాయిస్ మెసేజీలు పెట్టాడు, దేవుడు తెరిచిన ద్వారం మూసుకుంటున్నావు తల్లీ అని. బెంగళూరు ఆమెతోనూ అన్నాను, నిజంగానే అప్పుడు చేతిలో డబ్బు లేదు. "అట్లే కానీండి" అని పెట్టేశారు. రెండు నెలల తర్వాత నేనే ఫోన్ చేశాను.