స్ముర్నలో పోలికార్పు చర్చి: ఎవరికీ ‘ప్రత్యేక ప్రవేశం’ డబ్బులు కట్టకండి

బైబిల్ ప్రకటన గ్రంథంలో చెప్పిన ఏడు సంఘాల ఊళ్లు చూడటానికి టర్కీ యాత్రకు వెళ్లేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోండి. బైబిల్లోని స్ముర్నే ఇప్పటి ఇజ్మీర్. అక్కడి సెయింట్ పోలికార్పు చర్చికి ‘ప్రత్యేక ప్రవేశం’ అంటూ మా గైడు మనిషికి 30 యూరోల చొప్పున ముగ్గురికీ 90 యూరోలు ముందే తీసుకున్నాడు. తీరా వెళ్తే గేటు దగ్గర బెల్ కొట్టాం, తలుపు తీశారు, అంతే! టికెట్ ఊసే లేదు. రసీదు అడిగితే గైడు వినిపించుకోలేదు. పైగా ఇరవై నిమిషాలకే, ఆ ఏడింటిలో ఇంకోటైన ఎఫెసుకు ఆలస్యమవుతోందని ఒకటే తొందర. మావారు "పోనీలే" అన్నారు గానీ నాకు ఒళ్లు మండిపోయింది.

అత్తయ్య అంత దూరం వచ్చిందే పోలికార్పు కోసం. అపొస్తలుడైన యోహాను దగ్గర నేర్చుకున్న బిషప్ ఆయన. ఈస్టర్ ఏ రోజున చేయాలో మాట్లాడటానికి ముసలితనంలో రోమ్ దాకా వెళ్లాడు. అక్కడి బిషప్ అనికేతుతో ఒప్పందం కుదరకపోయినా సఖ్యంగానే తిరిగొచ్చాడు. క్రీ.శ. 155 ప్రాంతంలో తనను పట్టుకోవడానికి వచ్చినవాళ్లకు భోజనం పెట్టించి, ప్రార్థనకు ఒక గంట అడిగాడు. క్రీస్తును దూషిస్తే వదిలేస్తామన్న రోమన్ అధికారితో, 86 ఏళ్లుగా ఆయన్ని సేవిస్తున్నాను, నాకు ఏ కీడూ చేయలేదు, నా రాజును ఎలా దూషిస్తాను అన్నాడు. కాల్చి చంపబోతుంటే, తనకు మేకులు కొట్టనక్కర్లేదని, మంటల్లో కదలకుండా నిలబడే శక్తి ప్రభువే ఇస్తాడని చెప్పాడు. విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన అలాంటి హతసాక్షికి ఇరవై నిమిషాలా?

మర్నాడు గైడును వదిలేసి మేమే మళ్లీ వెళ్లాం. టాక్సీకి 4 యూరోలైంది. 1625లో కట్టిన చర్చి బయటికి మామూలుగా ఉంటుంది, లోపల గోడలూ పైకప్పూ అంతా చిత్రాలే. వాటిని గీసిన రేమండ్ పెరే, పోలికార్పు మరణ దృశ్యంలో చేతులు కట్టేసిన మనిషిగా తన ముఖమే పెట్టుకున్నాడు. ఊళ్లోని గడియార స్తంభానికి నమూనా ఇచ్చిందీ ఆయనే. అత్తయ్య ప్రకటన గ్రంథంలో స్ముర్న సంఘానికి రాసిన మాటలు చదువుకుంటూ చాలాసేపు కూర్చుంది, ఎవరూ లేవమనలేదు.

హోటల్ 52 యూరోలు, బాగుంది. బోయోజ్ అనే పొరల రొట్టెను ఉడికిన గుడ్డుతో తప్పకుండా తినండి. పోలికార్పును చంపిన స్టేడియం ఒకప్పుడు ఉన్న కడిఫెకలే కొండ వాలులో ఇప్పుడన్నీ ఇళ్లే, దానికోసం ఎక్కకండి. ఎఫెసుకు గైడు అవసరమే లేదు, ఇజ్మీర్‌లోని బస్మనే స్టేషన్ నుంచి ఎఫెసు పక్కనే ఉన్న సెల్చుక్‌కు రైలుంది.