వెబ్‌సైట్‌లో సెర్చ్ బాక్స్‌కి డబ్బులడుగుతున్నారా? ఇచ్చే ముందు ఇది చదవండి

పలాస, కాశీబుగ్గ వైపు జీడిపప్పు వ్యాపారం చేసే అన్నలకి, శ్రీకాకుళం చుట్టుపక్కల సొంతంగా వెబ్‌సైట్ పెట్టుకుందామనుకునే అందరికీ చెప్తున్నాను. ఒక వెబ్ డిజైనర్ (పేరు ఇక్కడ రాయను) మా సైట్‌కి సెర్చ్ బాక్స్ (సైట్‌లో సరుకు పేరు కొట్టి వెతుక్కునే గడి) పెడతానని 6 వేలు, రిజల్ట్స్ చూపించే పేజీకని మళ్ళీ వేరేగా 5 వేలు తీసుకున్నాడు, అంతా తనే కూర్చుని కోడింగ్ చేసినట్టు చెప్పాడు. తీరా చూస్తే అది గూగుల్ వాడు ఊరికే ఇచ్చే ప్రోగ్రామబుల్ సెర్చ్ ఇంజిన్. జీమెయిల్ ఉంటే ఎవరైనా చేసుకోవచ్చు, మన సైట్ అడ్రస్ ఇస్తే రెండు లైన్ల కోడు ఇస్తాది, అది పేజీలో అతికించడమే. రిజల్ట్స్ అక్కడే రావాలా వేరే పేజీలో రావాలా అన్నది కూడా అందులో లేఅవుట్ అని ఒక ఆప్షన్, ఎంచుకుంటే అయిపోద్ది, దానికి వేరే బిల్లు ఏటండీ?

డబ్బులు పోతే పోయాయి, అసలు నష్టం యాడ్స్‌తో. ఫ్రీది కాబట్టి రిజల్ట్స్‌లో గూగుల్ యాడ్స్ వస్తాయి, ఆ సంగతి గూగుల్ ముందే చెప్తాది, ఇతను మాత్రం మాకు చెప్పలేదు. హైదరాబాద్‌లో ఉన్న మా పాత కస్టమర్ ఒకాయన మా సైట్‌లోనే డబ్ల్యూ 320 గ్రేడ్ గుండు పప్పు కోసం వెతికితే పైనంతా వేరేవాళ్ళ డ్రైఫ్రూట్స్ యాడ్లు, కిందకి జరిపితే గాని మా పప్పు కనపడలేదట. కొట్లోకి వచ్చిన బేరాన్ని మనమే చెయ్యి పట్టుకుని పక్క కొట్లో దింపినట్టు. ఇంకోటి, గూగుల్ తన ఇండెక్స్‌లో (అంటే తను చూసి రాసిపెట్టుకున్న పేజీల జాబితాలో) ఎక్కించుకున్న పేజీలే అందులో వస్తాయి. కొత్తగా బద్ద పప్పు పేజీ పెట్టాం, సైట్‌లో ఎదురుగా ఉంది, వెతికితే మాత్రం లేదంటాది. ఫోన్ చేసి అడిగితే "సర్వర్ ప్రాబ్లం సార్, చూస్తాను" అన్నాడు, తర్వాత ఎత్తడమే మానేశాడు. అకౌంట్ కూడా అతని మెయిల్ మీదే ఉంది, లోపల మనం ఏదీ మార్చలేం.

మీకు ఆల్రెడీ పెట్టేసుంటే కంప్యూటర్లో క్రోమ్‌లో మీ పేజీ తెరిచి కంట్రోల్ యు నొక్కండి, పేజీ వెనకున్న కోడు తెరుచుకుంటాది, అందులో సీఎస్ఈ డాట్ గూగుల్ డాట్ కామ్ అని (ఇంగ్లీషులోనే ఉంటాది) కనిపిస్తే అదే ఇది. సైట్ వర్డ్‌ప్రెస్‌లో (సైట్లు తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్) చేసుంటే సెర్చ్ బ్లాక్ అని దాని సొంత సెర్చ్ బాక్స్ దానితోనే వస్తాది, పైసా అక్కర్లేదు, యాడ్స్ ఉండవు, మన సైట్ డేటాబేస్‌లోనే వెతుకుతాది కాబట్టి ఇప్పుడు పెట్టిన పేజీ ఇప్పుడే దొరుకుతాది. స్పెల్లింగ్ తప్పు కొడితే మాత్రం దొరకదు. అది బాగుచేసి ఇచ్చేవాళ్ళుంటే వాళ్ళకి డబ్బులివ్వండి, అది నిజంగా పనే.

ఎవరైనా కొటేషన్ ఇస్తే ముందు వాట్సాప్‌లో రాయించుకోండి, ఏ సెర్చ్ పెడుతున్నారు, యాడ్స్ వస్తాయా రావా, అకౌంట్ ఎవరి మెయిల్ మీద ఉంటాది అని. ఈ మూడూ రాతలో రాకుండా అడ్వాన్స్ కొట్టకండి.