మూడు వేసవులు వాడిన ఉలువాక్: ముఖ్యంగా దాని పిడి గురించి

నా కుడిచేతి బొటనవేలి మొదట్లో కీళ్లవాతం చేరి ఏడేళ్లయింది. రాజమండ్రిలో ఉన్నంతకాలం కత్తిపీటతోనే నెట్టుకువచ్చాను గాని, మోకాళ్లు కూడా మొరాయించడంతో నేల మీద కూర్చోవడం మానుకోవలసి వచ్చింది. చాకు పడితేనేమో నాలుగు ఉల్లిపాయలు తరిగేసరికి మణికట్టులో పోటు మొదలవుతుంది. అటువంటి నేను గడచిన మూడు వేసవుల్లో, అలాస్కాలో కస్కోక్విమ్ నది ఒడ్డున యూపిక్ అనే ఆదివాసులుండే ఒక గ్రామంలో, ఏడెనిమిది కిలోల సాల్మన్ చేపలను నొప్పి లేకుండా కోశానంటే ఆ ఘనత పూర్తిగా అక్కడివాళ్లు చేపలు కోసే ఉలువాక్ అనే కత్తిదే. మా అమ్మాయి అక్కడి బడిలో పాఠాలు చెబుతుంది. మే నెలలో బడి మూసినా తను ఊరు వదిలి రాదు కాబట్టి, యాంకరేజ్ నుంచి బెతెల్ దాకా విమానంలోనూ, అక్కడి నుంచి పడవలోనూ నేనే వెళ్తున్నాను.

అర్ధచంద్రాకారపు కత్తి అంటే ఫొటోల్లో చూసినవారు గుర్తుపట్టేస్తారు; ఫొటోలో తెలియనిది పిడి సంగతి. అది అలుగుకు కొసన కాక నెత్తిన ఉంటుంది, కనుక అరచేయి సరిగ్గా పదునుకు పైన ఆనుతుంది. మణికట్టు వంగదు, బొటనవేలు బిగపట్టనక్కరలేదు; చేతి బరువే కోత పెడుతుంది. కత్తిపీట దగ్గర కత్తి కదలదు, చేపను రెండు చేతులా పట్టి పదునుకు ఎదురు తీసుకువెళ్లాలి. ఇక్కడ చేప బల్ల మీద పడుకుని ఉంటుంది, కత్తి ఉయ్యాల ఊగినట్టు దాని మీద నడుస్తుంది. నేను ఎత్తైన బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చుంటాను. జూన్ చివరి వారాల్లో అర్ధరాత్రి దాటాక గాని పొద్దు గుంకదు, అందువల్ల పనిలో తొందర అన్న మాటే ఉండదు. ఒక చేప కోసి, టీ తాగి, చేపలను వేలాడదీసి పొగబెట్టే పొగగదిలోంచి వచ్చే వాసన పీల్చి, మరో చేప అందుకోవచ్చు.

అయితే నా మొదటి ఉలువాక్ ఇది కాదు. మా అల్లుడు విమానాశ్రయంలోని ఒక దుకాణంలో, చెక్కపిడి మీద ఎలుగుబంటి బొమ్మ చెక్కినది, తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీలుది కొనిచ్చాడు. పది రోజులు దానితో కూరలు తరిగి, ఇంతకు మించిన కత్తి భూమ్మీద లేదని మా చెల్లెలికి ఫోనులో చెప్పాను. పదకొండో రోజున చేపలు వచ్చాయి. కింగ్ సాల్మన్ ఏటేటా తగ్గిపోతున్నందున అక్కడ వల వేయడానికి కొద్ది గంటలే అనుమతిస్తారు. ఆ గంటల్లో పడినదంతా ఒక్కసారిగా ఒడ్డుకు చేరుతుంది. చేపలు పట్టే హక్కు నావంటి చుట్టానికి లేదు, పక్కింటి పెద్దావిడకు కోతలో సాయం చేయడమే నా వంతు. ఊరి పిల్లలందరూ ఆవిడను మౌర్లుక్ అంటారు, అంటే అమ్మమ్మ.

తల తీసి, వెన్నెముకకు ఇరువైపులా చీల్చి, ముల్లు పైకి లాగి, రెండు పక్కలూ తోక దగ్గర అతుక్కుని ఉండేలా వదలాలి. అప్పుడే అది దండెం మీద బట్టలా కర్రకు వేలాడుతుంది. తరువాత కండ మీద అడ్డంగా గాట్లు పెట్టాలి, తోలు మాత్రం తెగకూడదు. మూడో చేప వెన్ను దగ్గరకు వచ్చేసరికి పిడి కొంచెం ఊగినట్టనిపించింది. చేప జిగురు పిడి సందులోకి దిగి చెక్క వదులయిందని నాకప్పుడు తెలియదు. ఇంకాస్త బరువు వేశాను. అలుగు చేపలోనే ఉండిపోయింది, ఎలుగుబంటి నా చేతిలోకి వచ్చింది, అరచేయి వెళ్లి అలుగు వీపు మీద పడింది. మందపాటి రబ్బరు తొడుగు ఉండబట్టి గీతతో పోయింది. మౌర్లుక్ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, అది గోడకు తగిలించుకునేదని ఇంగ్లీషులో చెప్పి, పొగగదిలోకి వెళ్లి ఇంకొకటి తెచ్చింది.

అది విరిగిన చేతిరంపం నుంచి ఆవిడ భర్త చేసి ఇచ్చినదట. అలుగు మీద రంపం కంపెనీ ముద్ర సగం ఇంకా కనిపిస్తుంది. పిడి చేపనూనె తాగి తాగి నల్లబడింది. ముప్పై ఏళ్లుగా వేలు ఆనినచోట గుంట పడింది, ఆ గుంటలో నా వేలు అమరినట్టు కూర్చుంది. వేసవి ముగిశాక తిరిగి ఇవ్వబోతే ఆవిడ తీసుకోలేదు. కుయానా, అంటే ధన్యవాదాలు, అన్నాను; అక్కడి మాటల్లో నాకు బాగా పలకడం వచ్చింది అదొక్కటే.

నొప్పి లేదని పైన రాసినదానికి ఒక సవరణ ఉంది. రోజుకు ఐదారు చేపల వరకు లేదు. ఆపైన భుజం లాగుతుంది, అది పిడి తప్పు కాదు, అరవై ఎనిమిదేళ్ల వయసు తప్పు. రంపపు ఉక్కుకు ఆకురాయితో రెండు రుద్దులు రుద్దితే పదును వస్తుంది గాని, తడి తుడవకుండా ఒక్క రాత్రి వదిలితే తుప్పు పట్టుకుంటుంది; ఆగస్టు వానల్లో దాని సేవ చంటిపిల్ల సేవే. నిరుడు చలికాలంలో, చేతిసంచిలో రానివ్వరు కనుక పెట్టెలో పెట్టి, రాజమండ్రికి తెచ్చాను. ఉల్లిపాయలకూ ఆకుకూరలకూ హాయిగా ఉంది. పనసకాయ దగ్గర చేతులెత్తేసింది. మునక్కాడ తెగుతుంది గాని, కత్తిపీట మీద వచ్చినట్టు పీచు లాగడానికి వీలుకాదు. పులస మీద ప్రయోగించాలని ఎంతో ఆశపడ్డాను. పులసా సాల్మన్‌లాగే సముద్రంలోంచి నదికి ఎదురీది వచ్చేదే కదా. కాని వరదగోదావరి వేళకు నేను కస్కోక్విమ్ ఒడ్డున ఉంటాను, ఆ ముచ్చట తీరలేదు.

కొనమంటారా అని అడిగితే నేను సూటిగా చెప్పలేను, ఎందుకంటే నాది కొన్నది కాదు, కొన్నది పదకొండు రోజులే నిలిచింది. బొటనవేలి కీలు నొప్పి ఉండి, బల్ల దగ్గర కూర్చుని పని చేసుకునేవారికి, పిడి అతుకును ఊపి చూసి తీసుకుంటే పనికివస్తుందని మాత్రం అనగలను. కత్తిపీట ముందు ఇంకా కూర్చోగలిగినవారికి దీని అవసరం లేదు. ప్రస్తుతం నాది కొబ్బరినూనె రాసిన పాత నూలుచీర ముక్కలో చుట్టుకుని మా అమ్మాయి వంటింటి సొరుగులో ఉంది. జూన్‌కు ముందే దాన్ని తీసి ఆకురాయి పెడతానని మౌర్లుక్ కబురు పంపింది.